ప్రసూతి వార్డులో పరిశుద్ధులు

రంగూన్ అహ్లోన్ పేట‌లో మా సంఘానికి చెందిన అమ్మాయిలు కొందరు ఈ మధ్య నర్సింగులో చేరారు. వాళ్ళకి నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు నన్ను పిలిస్తే వెళ్ళాను. నాకంటే ముందు మాట్లాడినాయన నర్సంటే తెల్లబట్టల దేవదూత అన్నాడు. ఆయన జన్మలో బెడ్‌పాన్ ముట్టుకుని ఉండడు. దేవదూత గురించి ఆయన ఎంతసేపు చెప్పాడంటే, నా వంతు వచ్చేసరికి అందరూ టీకి లేచిపోయారు. ఆ రోజు చెప్పలేకపోయిన మాటలు ఇక్కడ రాస్తున్నాను.

నేను పనిచేసింది రంగూన్‌లోనే లత అనే పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, ప్రసూతి వార్డు. ఆసుపత్రి పేరు చెప్పను. దాని యజమానికి పొగడ్త తప్ప ఇంకేదీ అరగదు. నేనెప్పుడు సిస్టరునయ్యానో, నాకెవరు పూలదండ వేశారో కూడా చెప్పను, అవి మీకెందుకూ పనికిరావు. వార్డులో అందరూ నన్ను సయామ అనేవారు. బర్మా భాషలో పంతులమ్మనీ నర్సునీ ఒకే మాటతో పిలుస్తారు. గౌరవానికి లోటు లేదు. ఆ గౌరవంతో మన మాట వింటారని మాత్రం అనుకోకండి.

వెనక్కి పంపిన ట్రే

నాకు పని నేర్పిన మేట్రన్ కరెన్ జాతి ఆవిడ. సన్నటి మనిషి, నవ్వడం తక్కువ. మరిగించి గుడ్డ కప్పిన సామాను ట్రేకి మోచెయ్యి తగిలితే చాలు, ట్రే మొత్తం వెనక్కి పోవలసిందే. తగిలిందో లేదో అనుమానమొచ్చినా అంతే.

ఒకసారి యజమాని కొడుకు, కొత్తగా డాక్టరై వచ్చిన కుర్రాడు, మాటల్లో పడి ట్రే అంచు మీద చెయ్యి ఆనించాడు. "ఏమీ కాలేదులెండి" అని నవ్వాడు. మేట్రన్ ట్రే తీసి నా చేతికిచ్చి మళ్ళీ మరిగించమంది. అది మరిగినంతసేపూ ఆ కుర్రాణ్ణి చేతులు పైకెత్తి అలాగే నిలబెట్టింది. సాయంత్రం యజమాని పిలిచి ఆవిడ మీద కేకలేశాడు. మర్నాడు కూడా ఆవిడ పద్ధతి మారలేదు.

ఆవిడకి భక్తురాలన్న పేరేమీ లేదు. ఆదివారం డ్యూటీ పడితే గుడికే వెళ్ళేది కాదు. కానీ నియమమంటే ఏమిటో నాకు తెలిసింది ఆవిడ దగ్గరే. నియమం బల్ల మీద పడుకున్న మనిషి కోసం. పాటించేవాళ్ళ గొప్ప కోసం కాదు. మా సంఘం ప్రసంగాల్లో ఈ మాట నేనింతవరకూ వినలేదు.

బెల్లు నొక్కని ఆవిడ

నేను సిస్టరునయ్యాక ఒక విదేశీ జంట కాన్పుకి వచ్చారు. యూదులు. తోరా అనే తమ ధర్మశాస్త్రం ఆజ్ఞల ప్రకారం నడిచేవాళ్ళు. తిండి ఇంటినుంచే వచ్చేది. శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం చీకటిపడే దాకా లైటు స్విచ్చి ముట్టరు, ఫోను ఎత్తరు. ఆవిడ మంచం పక్కనున్న బెల్లు కూడా నొక్కదు. మా వార్డు నర్సు పిల్లలకి ఇదంతా తమాషా. "దొరసానికి వేళ్ళు నొప్పి" అని నవ్వుకునేవారు. వాళ్ళని తిట్టి, ఆ గదిలోకి మాటిమాటికీ తొంగిచూస్తూ ఉండమని పురమాయించాను.

శనివారం పొద్దున ఆవిడకి హఠాత్తుగా రక్తం పోవడం మొదలైంది. ముందురోజు నుంచి స్విచ్చి వైపు చూడని ఆ భర్త ఒక్క గెంతులో వచ్చి బెల్లు నొక్కి వేలు తియ్యలేదు. మేం పరుగెత్తుకొచ్చేసరికే రక్తం కోసం స్నేహితులందరికీ ఫోన్లు చేస్తున్నాడు. ఆవిడ బతికింది.

నాకు నోరు ఊరుకోదు. తర్వాత అడిగాను, మీ నియమం ఏమైందని. ఆయన వింతగా చూశాడు. "ఇది కూడా నియమమే కదా" అన్నాడు. ప్రాణం ముందు విశ్రాంతి దినం పక్కకి జరగాలని వాళ్ళకి చిన్నప్పుడే నేర్పుతారట. ఆ తర్వాత బిడ్డకి కామెర్లు వచ్చాయి. ఎనిమిదో రోజు చెయ్యవలసిన సున్నతిని ఆయన నిశ్చింతగా ఆపేశాడు. జబ్బు తగ్గేదాకా బిడ్డ మీద కత్తి పెట్టకూడదు, అదీ నియమమే అన్నాడు. గొణుక్కోలేదు, మామీద విసుక్కోలేదు. మందులవాళ్ళం మేం చెప్పకముందే ఆయనే చెప్పాడు.

ప్రకాశం యోహానాన్ అయిన వైనం

మా సంఘంలో ధర్మశాస్త్రం అనగానే "అదంతా నెరవేరిపోయింది" అని చెప్పి మడిచి పెట్టేస్తాం. మాకది చాలా సుఖంగా ఉంది. అందుకే ఎవరైనా దాన్ని నిజంగా పాటిస్తానంటే నాకు మొదట గౌరవమే కలిగింది. ప్రకాశం వచ్చి ఆ గౌరవం పోగొట్టాడు.

ప్రకాశానికి లతలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఫోన్లు బాగుచేస్తూ చేస్తూ వాటిలో ప్రసంగాలు చూశాడు. చూసి చూసి గడ్డం పెంచాడు. పేరు యోహానాన్ అని మార్చుకున్నాడు. మా సంఘంలోంచి కొన్ని కుటుంబాలను విడదీసి తన కొట్టు మీది మేడలో శనివారం కూటం పెట్టాడు. లోకంలోంచి ప్రత్యేకింపబడిన జనం అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. ధర్మశాస్త్రంలో ఉందని చొక్కా కింద నాలుగు మూలలా కుచ్చులు కట్టి, అవి లుంగీ మీద వేలాడేలా వదిలి, మార్కెట్టులో అందరూ చూసేలా అటూ ఇటూ నడిచేవాడు.

పొద్దున్నే ఊరంతా తినే చేపల పులుసు సేమ్యా, మొహింగా, తినకూడదన్నాడు. అందులో వేసేది పొలుసుల్లేని చేప, అపవిత్రం. రొయ్యలు పులియబెట్టి నూరిన ఙపీ మానేయాలన్నాడు. రంగూన్‌లో పుట్టి ఈ రెండూ మానేస్తే పొరుగింట్లో చెయ్యి కడుక్కునే పని ఉండదు. సరే, ఆజ్ఞ ఆజ్ఞే, మానెయ్యండి. కానీ ఎవరింటికి పిలిచినా వెళ్ళి, వడ్డించేదాకా కూర్చుని, అప్పుడు ముక్కు మూసుకుని లేచేవాడు. శనివారం తాను నిప్పు ముట్టడు. ఆయన ఇంట్లో బర్మా వంటమనిషి మాత్రం ఆ రోజు కూడా పొయ్యి దగ్గరే ఉండేది. ఇంట్లో పనిచేసేవాళ్ళకి కూడా విశ్రాంతినివ్వాలని అదే ఆజ్ఞలో ఉంది. నా బైబిల్లో ఉంది. ఆయన ఫోనులో లేదేమో.

ఆ కూటంలోనే రూతు ఉండేది. రూతు తల్లీ నేనూ చిన్నప్పటి స్నేహితులం, అందుకే నన్ను పిన్ని అంటుంది. చౌక్తడా పేటలో ఓడల ఏజెంటు ఆఫీసులో గుమస్తా. భర్త సామ్యేలు టాక్సీ నడుపుతాడు. శనివారం కోసం రూతు తన ఆఫీసులో అడిగింది, మిగతా రోజులు ఎక్కువసేపు ఉండి పని పూర్తిచేస్తానంది, ఒప్పుకున్నారు. దానిమీద కూటంలో లేచి సాక్ష్యం చెప్పలేదు, ఎవరినీ మారమనలేదు. పక్కింటి బర్మా ఆవిడ మొహింగా తెస్తే, "నాను తినను గానీ అక్కా, నువ్ తిను, కాసేపు కూకుంతాను" అని పక్కనే కూర్చునేది. ఇది నేను ఆ పక్కింటావిడ నోట విన్నాను, రూతు నోట కాదు.

పందిమాంసం లేని ఇంజక్షను

రూతుకి ఆపరేషను చేసి మగబిడ్డను తీశారు. పుట్టిన బిడ్డకి రక్తం గడ్డకట్టడానికి తొడలో ఒక విటమిను ఇంజక్షను ఇస్తాం. నేను సూది సిద్ధం చేసుకుని వెళ్ళేసరికి సామ్యేలు చెవి దగ్గర ఫోను పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఒద్దు సయామా. అందులో పంది ఉన్నాదంత" అన్నాడు.

"ఎవులు సెప్పారు?"

"యోహానాన్ అన్న సెప్పాడు."

"మీ అన్న ఏ మందుల కంపెనీలో పనిసేత్తన్నాడు?"

సామ్యేలు తల అడ్డంగా ఊపాడు. రూతుకి ఇంకా మత్తు దిగలేదు. తండ్రి వద్దన్నాక మేం చెయ్యగలిగింది లేదు. పిల్లల డాక్టరమ్మ వచ్చి, ఆ మందులో పందీ లేదు పంది చుట్టమూ లేదు అని బర్మాలో చెప్పింది. సామ్యేలు ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడి అంతా విని, మళ్ళీ అన్నకే ఫోను చేశాడు. మత్తు దిగాక రూతు కూడా అప్పటికి భర్త మాట కాదనలేదు.

మూడో రోజుకి బిడ్డ పచ్చబడ్డాడు. ముక్కు కొస నొక్కి వదిలితే పసుపు కనబడింది. తర్వాత రొమ్ము, పొట్ట, చివరికి అరికాళ్ళు. కామెర్లు తగ్గడానికి నీలం లైటు కింద పెట్టెలో పడుకోబెట్టాం. పిల్లల డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, బిడ్డ రక్తం త్వరగా విరిగిపోతోంది, లైటు ఆపడానికి వీల్లేదంది. ఆ ఇంజక్షను పడలేదు కాబట్టి ఎక్కడా చిన్న గాటు కూడా పడకూడదు, రక్తం ఆగకపోవచ్చు అని కూడా చెప్పింది.

అప్పుడే సామ్యేలు చెప్పాడు, ఎనిమిదో రోజు సున్నతి అని. మేడ మీద కూటంలోనట. చేసేది యోహానాన్ అన్నేనట. పరికరం తెప్పించాడట. ఎలా వాడాలో చూసి నేర్చుకున్నాడట. ఎక్కడ చూశాడో మీకు తెలుసు.

నేను నేరుగా సూపరింటెండెంటు ఊ మ్యింట్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచి డాక్టరే. కుర్చీ పెద్దదయిన కొద్దీ వెన్నెముక కరిగిపోయింది. "వాళ్ళ మతం వాళ్ళది, సయామ. తండ్రి తీసుకెళ్తానంటే పంపించెయ్. మనకెందుకు గొడవ" అన్నాడు. అసలు సంగతి వేరే. కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోయేదో లెక్కలేదు. పోయినప్పుడల్లా నీలం లైటు కోసం జనరేటరు వెయ్యాలి. డీజిలు సంగతి ఆయనకి గుర్తున్నంతగా బిడ్డ సంగతి గుర్తులేదు. పై అధికారి మతసహనం గురించి మాట్లాడితే, దానివల్ల ఆయనకి ఏం మిగులుతోందో చూడండి.

గుమ్మం దగ్గర

ఏడో రోజు మధ్యాహ్నం యోహానాన్ వార్డుకి వచ్చాడు. తెల్ల చొక్కా, కుచ్చులు, చేతిలో ఫోను. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మగబిడ్డను కన్నావిడ ఏడు రోజులు అశుచి కాబట్టి లోపలికి రాడట. నేను కుర్చీ జరిపితే, దానిమీద రూతు కూర్చుందా అని అడిగి, నిలబడే ఉన్నాడు.

"రేపు పొద్దున్నే బిడ్డని తెచ్చెయ్, సామ్యేలూ" అన్నాడు.

బిడ్డకి కామెర్లని చెప్పాను. రక్తం ఆగకపోవచ్చని చెప్పాను. ఆ విదేశీ తండ్రి సంగతి కూడా చెప్పాను. అసలు యూదులే జబ్బు బిడ్డకి ఆపుతారు, నీకెందుకింత తొందర అని అడిగాను.

"అయ్యి వాళ్ళ పెద్దలు కల్పించిన మాటలు. నాను రాసున్నదే సూత్తాను" అన్నాడు. "ఎనిమిదో దినమని రాసుంది. తొమ్మిదని లేదు."

"ఫోన్లు బాగుసేసే సేత్తో బిడ్డని కోత్తానంతన్నావు. అదెక్కడ రాసుందో సూపించు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్నీ నిజాలే. ఒక్కటీ పనికిరాలేదు. తన గురువును నలుగురిలో ఎగతాళి చేశానని సామ్యేలు మొహం మాడ్చుకుని, వెళ్ళి గుమ్మంలో అన్న పక్కన నిలబడ్డాడు.

అప్పుడు రూతు మాట్లాడింది. కుట్లు లాగుతుంటే మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది.

"అన్నా, లోపలికొచ్చి బిడ్డని ఒక్కపాలి సూడండి."

"నాను రాకూడదమ్మా. నీ దినాలు అవనేదు."

"బిడ్డ దగ్గరికే రాలేనోరు బిడ్డని ఎలగ కోత్తారు?"

"అది రేపు. రేపటికి శుద్ధి."

"రేపటికి బిడ్డ ఒళ్ళు బాగుపడిపోద్దేటి?"

ఆయన గొంతు మార్చాడు. మేడ మీద ప్రసంగించే గొంతు. "సున్నతి లేనోడు జనంలోంచి కొట్టేయబడతాడు. నా మాట కాదు, రాసుంది."

"రాసుంది" అంది రూతు. "ఈ ఆజ్ఞలవల్ల బతకండని ఇచ్చినట్టు కూడా రాసుంది. రెండూ సదివాను నాను. కొట్టేత్తే నన్ను కొట్టెయ్యమనండి. బిడ్డనియ్యను."

యోహానాన్ సామ్యేలు వైపు తిరిగాడు. "ఇంటికి పెద్దవి నువ్వా, ఆడమనిషా? బిడ్డనెత్తుకో."

సామ్యేలు కదిలాడు. నేను అడ్డంగా నిలబడ్డాను గానీ, టాక్సీ నడిపే మగవాడు నన్ను పక్కకి నెట్టడం ఎంతసేపు. నెట్టలేదు. పక్కనుంచి దాటి బిడ్డ పెట్టె దగ్గరికి వెళ్ళాడు. రూతు మంచం దిగబోయి, దిగలేక, అతని చొక్కా కొస పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఇక్కడ మీరు తెలుసుకోవలసింది ఒకటుంది. నీలం లైటు కింద బిడ్డ రంగు తెలియదు. అంతా నీలంగానే కనిపిస్తుంది. సామ్యేలు రోజూ వచ్చి ఆ లైటులోనే బిడ్డను చూసి, బాగానే ఉన్నాడనుకుని వెళ్ళిపోతున్నాడు. ఇప్పుడు లైటు ఆరిపోయి, కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బిడ్డ మీద పడింది. ఒళ్ళంతా పసుపు రాసినట్టుంది. గోళ్ళు, పెదాలు, అరికాళ్ళు. నేను లైటు పడకుండా బిడ్డ కళ్ళకి కట్టిన గుడ్డ తీసి రెప్ప పైకెత్తి చూపించాను. తెల్లగుడ్డు కూడా పచ్చగానే ఉంది.

సామ్యేలు చేతులు పెట్టె అంచు మీదే ఉండిపోయాయి. ఒక వేలితో బిడ్డ కాలు ముట్టుకున్నాడు.

"సయామా, ఇలగున్నాడని ఎందుకు సెప్పనేదు?"

"రోజూ సెప్పినాను, నాయనా" అన్నాను. ఈసారి ఎగతాళి చెయ్యలేదు.

కింద జనరేటరు మొదలైంది. లైటు వెలిగింది, బిడ్డ మళ్ళీ నీలంగా అయిపోయాడు. సామ్యేలు వెనక్కి తిరిగాడు.

"ఎల్పో అన్నా" అన్నాడు.

"సామ్యేలూ, ఆలోసించుకో."

"ఆలోసించేను. నువ్ ఒకపాలి కూడా లోపలికొచ్చి సూడనేదు. ఎల్పో."

ఆయన వెళ్ళాడు. పోతూ గుమ్మం దగ్గర కాలి దుమ్ము దులిపాడు. ఆ నేల పొద్దున్నే ఫినాయిలుతో కడిగింది. ఆయన మేడ కంటే శుభ్రంగా ఉంటుంది.

రూతు పడుకోకుండా నన్ను పిలిచి, ఆ ఇంజక్షను ఇప్పుడైనా ఇవ్వొచ్చా అని అడిగింది. డాక్టరమ్మ వచ్చి ఇచ్చింది. బిడ్డ ఇంకొన్నాళ్ళు లైటు కింద ఉండి తేరుకున్నాడు. మా ఆసుపత్రి అన్ని మతాలనూ గౌరవిస్తుందని ఊ మ్యింట్ ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

వార్డులోకి వచ్చేవాళ్ళు దేవుణ్ణి తోడు తెచ్చుకుంటారు, పిల్లలూ. దేవుడి గురించి వాళ్ళతో వాదించకండి. నేను వాదించాను, నాకంటే కరెంటు పోవడం నయమనిపించింది. లైటు ఆపి బిడ్డను చూపించండి. చూశాక కూడా కోస్తానంటే అప్పుడు పోట్లాడండి.

శనివారం

యోహానాన్ కూటం రూతు కుటుంబాన్ని వెలివేసింది. దారిలో కనబడితే పలకరించకూడదని కట్టుబాటు. ప్రత్యేకింపబడినవాళ్ళు ఇంకా ప్రత్యేకింపబడ్డారు, వాళ్ళకి సంతోషమే అయ్యుంటుంది. మా సంఘంవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? రూతు తిరిగొచ్చేస్తుందని ముందు వరసలో కుర్చీ ఖాళీ చేసి ఎదురుచూశారు. వస్తే సాక్ష్యం చెప్పించి చప్పట్లు కొట్టిద్దామని. రూతు రాలేదు.

బిడ్డ పుష్టిగా అయ్యాక రూతే సున్నతికి మా ఆసుపత్రిలో సర్జనుని అడిగింది. ఆయనకి శనివారం ఖాళీ ఉందట. ఎనిమిదో రోజే అయితే శనివారమైనా చెయ్యాలట, అది ఎలాగూ దాటింది కాబట్టి శనివారం వద్దు, వేరే రోజివ్వమంది. సర్జను విసుక్కుంటూ ఇచ్చాడు. మత్తిచ్చి, శుభ్రంగా చేశాడు. రూతు పక్కన నేనున్నాను. సామ్యేలు బయట బల్ల మీద కూర్చుని ఏడ్చాడు.

నేను రిటైరయ్యాక ఒక శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. పొయ్యి వెలిగించలేదు. ముందురోజు కాచి ఫ్లాస్కులో పోసిన టీ ఇచ్చింది. వేడి సగం పోయింది, మీగడ కట్టింది. టాక్సీ కింద వీధిలో ఆపేసి ఉంది. సామ్యేలు చాప మీద నిద్రపోతున్నాడు. బిడ్డ అతని పొట్ట మీదికెక్కి చొక్కా బొత్తాము నోట్లో పెట్టుకుంటున్నాడు. పక్కింటి బర్మా ఆవిడ కూడా తన బియ్యం చేటతో వచ్చి కూర్చుంది, మనిషి తోడు కోసం.

ఆ చల్లటి టీ తాగుతూ, ఊరుకోలేక అడిగాను.

"ఆల్లు నిన్ను ఎలేసేరు. మనోళ్ళ దగ్గరికీ రావు. ఇంకా ఇయ్యన్నీ ఎందుకే?"

రూతు బిడ్డ నోట్లోంచి బొత్తాము తీసి, తడి తుడిచింది.

"ఆజ్ఞ యోహానాన్ అన్న ఇచ్చింది కాదు కదా, పిన్నీ" అంది.